పియానో వృత్తి: కచేరీకీ బోధనకీ కలిపి సిద్ధపడే విధానం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానోను వృత్తిగా ఎంచుకోవాలనుకునే యువతీయువకులూ వారి తల్లిదండ్రులూ మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది. కేవలం కచేరీల ఆదాయంతో జీవితమంతా గడపగలిగే పియానిస్టులు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది. మిగిలినవారందరూ, వారిలో ఎంతో పేరున్న విద్వాంసులు కూడా, ఒకవైపు వాయిస్తూనే మరొకవైపు పాఠాలు చెబుతారు. స్వరకర్త బీథోవెన్ శిష్యుడైన కార్ల్ చెర్నీ వియన్నాలో కచేరీ జీవితాన్ని దాదాపుగా వదులుకొని బోధనకే అంకితమయ్యారు. తరువాత గొప్ప పియానిస్టుగా, స్వరకర్తగా పేరొందిన, అప్పటికి బాలుడైన లిస్ట్‌కు రుసుము తీసుకోకుండానే పాఠం చెప్పారు. చెర్నీ దగ్గర థియోడర్ లెషెటిట్‌స్కీ, ఆయన దగ్గర ఆర్టర్ ష్నాబెల్, ష్నాబెల్ దగ్గర అమెరికన్ పియానిస్టు లియాన్ ఫ్లైషర్ నేర్చుకున్నారు. మన సంగీతంలో శిష్యపరంపరను ఎంత శ్రద్ధగా చెప్పుకుంటామో, పియానో లోకంలోనూ అంతే శ్రద్ధగా చెప్పుకుంటారు. అందువల్ల వాయించడం ఒక వృత్తి అనీ, అది కుదరకపోతే పాఠాలు చెప్పుకోవచ్చుననీ అనుకొని ఈ దారిలోకి రాకూడదు. రెండింటికీ తొలి సంవత్సరాల నుంచే కలిపి సిద్ధపడాలి. ఎలా సిద్ధపడాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాద్యం, గురువు

ఆరేడేళ్ల వయసులో మొదలుపెట్టడం మంచిది. పదేళ్లు దాటాక మొదలుపెట్టినవారు మంచి ఉపాధ్యాయులుగా, పక్కవాద్య కళాకారులుగా ఎదగగలరు గానీ, అంతర్జాతీయ పోటీల దారి వారికి చాలా కష్టమవుతుంది. ఈ మాట ముందుగానే నిజాయితీగా చెప్పడం పిల్లలకు మేలు చేస్తుంది.

అరవై ఒక్క మీటల ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద పియానో సాధన సాధ్యం కాదు. పియానోకు ఎనభై ఎనిమిది మీటలుంటాయి. ప్రతి మీట వెనుకా ఒక సుత్తి తీగను తాకేలా యంత్రాంగం ఉంటుంది కనుక, వేలి వేగాన్నిబట్టి నాదం మారుతుంది. ఆ తేడాను వేలికి నేర్పడమే సాధనలో సగం. అసలైన పియానో కొనే స్తోమత లేనివారు పూర్తి సంఖ్యలో, నొక్కితే బరువు తగిలే మీటలూ, స్థిరమైన స్టాండూ, కాలితో నొక్కే పెడలూ ఉన్న డిజిటల్ పియానోతో మొదటి మూడు నాలుగేళ్లు నెట్టుకురావచ్చు. ఆ తరువాత, తీగలు నిలువుగా ఉండే అప్‌రైట్ పియానో అయినా తప్పదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో ఉండేవారు తేమ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. చెక్క ఉబ్బి మీటలు పట్టేస్తాయి, తీగలు తుప్పు పడతాయి, శ్రుతి త్వరగా జారిపోతుంది. పియానోను బయటి గోడకూ కిటికీకీ దూరంగా ఉంచి, సంవత్సరానికి కనీసం రెండుసార్లు శ్రుతి సరిచేసే ట్యూనర్‌ను పిలిపించాలి. కొనే ముందే మీ ఊరికి రాగల ట్యూనర్ ఎవరో కనుక్కోవాలి. ఇంత ఖరీదైన వస్తువు కొని, చూసేవారు లేక పాడుచేసుకున్న ఇళ్లున్నాయి.

గురువును ఎంచుకునేటప్పుడు ఆయన డిప్లొమాలకంటే ముందు ఆయన శిష్యులు వాయించేది వినాలి. శిష్యులందరూ భుజాలు బిగబట్టి వాయిస్తున్నారా, ప్రతి ఒక్కరి నాదమూ ఒకే అచ్చులో పోసినట్లుందా, మూడేళ్లు నేర్చుకున్న పిల్లవాడు తనకు తెలియని చిన్న రచనను చూసి చదివి వాయించగలడా అన్నవి గమనిస్తే గురువు పనితనం తెలిసిపోతుంది. యూట్యూబ్ చూసి ఏకలవ్య శిష్యరికం చేయడం పియానోలో కొంతదూరం వరకే పనికొస్తుంది. మణికట్టు ఎక్కడ బిగుసుకుంటోందో వీడియో చెప్పలేదు. పక్కన కూర్చున్న మనిషే చెప్పాలి.

సాధన ఎలా చేయాలి

గంటల లెక్క అందరూ చెబుతారు. ఆ గంటలో ఏం చేయాలో చెప్పేవారు తక్కువ. ఒక్క ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన, రెండు స్వరపంక్తులు కలిసి నడిచే ఇన్వెన్షన్లు అనే చిన్న రచనలలో మొదటిది సి మేజర్‌లో ఉంటుంది, మొత్తం ఇరవై రెండు బార్లు, అంటే తాళావర్తాల వంటి విభాగాలు. బాఖ్ వీటిని తన పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడ్‌మన్ పాఠాల కోసం మొదలుపెట్టి, 1723లో శుద్ధప్రతిగా రాసుకున్నారు. బోధన కోసం పుట్టిన రచన ఇప్పటికీ వేదిక మీద వినిపిస్తోందంటే రెండు పనులూ ఎంత దగ్గరివో అర్థమవుతుంది. సి ని షడ్జమంగా తీసుకుంటే కుడిచేతి ఎత్తుగడ స రి గ మ రి గ స, ఆపైన ప మీద వాలుతుంది. మొదటి బార్ సగంలో ఎడమచేయి అదే మాటను ఒక స్థాయి కింద అందుకుంటుంది.

విద్యార్థులు సాధారణంగా రెండు చేతులనూ ఒకేసారి మొదలుపెట్టి, తప్పు వచ్చిన చోట ఆగి, మళ్లీ మొదటికి వెళతారు. అలా చేస్తే మొదటి నాలుగు బార్లు బాగా వస్తాయి, చివరి నాలుగు ఎప్పటికీ రావు. అందుకు బదులుగా, ముందు ఏ స్వరానికి ఏ వేలో పెన్సిలుతో రాసి, ఆ రాత ప్రకారమే ప్రతిసారీ వాయించాలి. ఎడమచేతిని ఒంటరిగా, కుడిచేతి సాయం లేకుండా సంగీతంలా వినిపించేవరకు వాయించాలి. తరువాత ఒక పంక్తిని వాయిస్తూ రెండవ పంక్తిని నోటితో పాడాలి. ఇది మొదట ఎంతో కష్టంగా ఉంటుంది గానీ, రెండు చెవులనూ వేర్వేరుగా తెరవడానికి దీనిని మించిన ఉపాయం లేదు. ఆ పైన రెండు చేతులనూ కలిపి, వేగాన్ని తప్పు దొర్లని స్థాయికి తగ్గించి, రెండేసి బార్ల ముక్కలుగా, వీలైతే చివరి ముక్క నుంచి మొదలుపెట్టి సాధన చేయాలి. కంఠతా వచ్చిందనుకున్నాక ఏడవ బార్ నుంచి, పదిహేనవ బార్ నుంచి ఎత్తుకోగలరో లేదో పరీక్షించుకోవాలి. వేళ్ల అలవాటు మీద మాత్రమే నిలిచిన జ్ఞాపకం వేదిక మీద ఒక్క దగ్గు వినబడితే చెదిరిపోతుంది. ఎక్కడి నుంచైనా ఎత్తుకోగల జ్ఞాపకమే నిలుస్తుంది.

ప్రతిరోజూ పది నిమిషాలైనా సైట్ రీడింగ్‌కు, అంటే ఎన్నడూ చూడని స్వరపత్రాన్ని ఆగకుండా వాయించడానికి కేటాయించాలి. ముందుముందు పక్కవాద్యానికి పిలుపు రావాలన్నా, పాఠంలో శిష్యుడు తెచ్చిన కొత్త రచనను అక్కడికక్కడే వినిపించాలన్నా ఈ విద్యే ఆదుకుంటుంది. కచేరీలలో దీనికి చప్పట్లు రావు గానీ, నెలవారీ సంపాదనలో దీని వాటా చాలా పెద్దది.

కర్ణాటక సంగీతం నేర్చుకొని పియానోకు వచ్చే తెలుగు పిల్లలు హైదరాబాదులోనూ, డల్లాస్, న్యూజెర్సీలలోనూ తరచుగా కనబడతారు. వారి చెవి, లయజ్ఞానం చాలా ముందుంటాయి. ఒకసారి వింటే పట్టేస్తారు. ఆ బలమే చదువుకు అడ్డుతగులుతుంది, ఎందుకంటే గురువు ఒకసారి వాయించి చూపగానే వారు కాగితం వైపు చూడడం మానేస్తారు. అటువంటి పిల్లలకు కొంతకాలం వాయించి చూపకుండా, కాగితం నుంచే నేర్చుకోనివ్వాలి. షడ్జమం పాడేవారి శ్రుతినిబట్టి మారుతుందని అలవాటుపడిన పిల్లలకు ఇక్కడ ప్రతి మీట స్థానమూ స్థిరమని, గమకం పలకని వాద్యంలో నాదాన్ని సాగదీసినట్లు భ్రమింపజేయడం పెడల్, వేలి బరువు, స్వరాల మధ్య ఒద్దిక వల్లనే సాధ్యమని ఓపికగా చూపించాలి.

పరీక్షలు, కన్జర్వేటరీ ప్రవేశం

భారతదేశంలో ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ కాలేజ్ లండన్ అనే బ్రిటిష్ సంస్థల గ్రేడ్ పరీక్షలు బాగా వ్యాప్తిలో ఉన్నాయి. ఎనిమిది గ్రేడ్లు, ఆపైన డిప్లొమాలు ఉంటాయి. ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఆరవ గ్రేడు రాయాలంటే అయిదవ గ్రేడు థియరీ వంటి అర్హత ముందుగా ఉండాలి. ఈ పరీక్షలు ఒక క్రమశిక్షణనిస్తాయి, పాఠశాలల్లో ఉపాధ్యాయ ఉద్యోగానికి ఆధారంగా నిలుస్తాయి. అయితే సంవత్సరమంతా మూడు నాలుగు రచనలనే రుద్దుతూ గ్రేడ్లు ఎక్కిన పిల్లలకు ఎనిమిదో గ్రేడు సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి తెలిసిన సంగీతం చాలా తక్కువగా ఉంటుంది. పరీక్షకు పెట్టే రచనలకు రెండు మూడింతలు బయటి రచనలు నేర్పని గురువు దగ్గర వృత్తికి సరిపడే పునాది పడదని నా నిశ్చితాభిప్రాయం.

కచేరీ వృత్తిని లక్ష్యంగా పెట్టుకున్నవారు పద్నాలుగు, పదిహేనేళ్లకల్లా కన్జర్వేటరీ (ఉన్నత సంగీత కళాశాల) ప్రవేశ పరీక్షను దృష్టిలో ఉంచుకోవాలి. అమెరికా, యూరప్ సంస్థలు అడిగేది వివరాలలో మారినా, మూలంలో ఒకటే. బాఖ్ ప్రెల్యూడ్ (ముందుమాటలాంటి చిన్న రచన), ఫ్యూగ్ (ఒకే ఎత్తుగడను పంక్తులు ఒకదాని తరువాత ఒకటి అందుకునే రచన) జంట ఒకటి. హైడన్, మోజార్ట్, బీథోవెన్‌లలో ఒకరి సొనాటా, అంటే కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన. షోపాన్ ఎట్యూడ్ వంటి వేగమైన ఎట్యూడ్, అంటే వేళ్ల నైపుణ్యాన్ని సాధింపజేసే రచన. పందొమ్మిదవ శతాబ్దపు రొమాంటిక్ యుగపు పెద్ద రచన ఒకటి. ఇరవయ్యవ శతాబ్దపు లేదా ఆ తరువాతి రచన ఒకటి. ఎక్కువచోట్ల వీటిని కంఠతా వాయించాలి. అమెరికాలోని ప్రధాన సంస్థలు ముందుగా వీడియో అడుగుతాయి. దాని గడువు సాధారణంగా డిసెంబరు మొదట్లో ఉంటుంది, ఎంపికైనవారిని ఆ తరువాతి నెలల్లో ప్రత్యక్షంగా వింటారు. అంటే వీడియోలో పెట్టే రచనలన్నీ దానికి ముందు వేసవికే చేతిలో ఉండాలి. కొత్తగా నేర్చుకున్న కష్టమైన ఎట్యూడ్‌కంటే ఏడాదిగా చేతిలో నలిగిన మధ్యస్థమైన ఎట్యూడ్ మేలు. పరీక్షకులు కష్టాన్ని చూసి మోసపోరు. నాదంలోని నిలకడ వారికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఖర్చు పెద్ద ప్రశ్న. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంస్థ 1924లో మొదలైంది. అక్కడ చేరిన ప్రతి విద్యార్థికీ బోధన ఉచితం, అయితే తీసుకునేది అతి కొద్దిమందిని. జర్మనీలోని ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలా రాష్ట్రాలలో ట్యూషన్ ఫీజు ఉండదు గానీ, జర్మన్ భాష నేర్చుకోవాలి, జీవనవ్యయం భరించాలి. మన దగ్గరలో చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ 2008 నుంచి నడుస్తోంది. ఎక్కడికి దరఖాస్తు చేసినా సంస్థ పేరుకంటే మీకు పాఠం చెప్పబోయే ఆచార్యుడే ముఖ్యం. వీలైతే ముందుగా శ్రోతల ఎదుట ఆయన పాఠం చెప్పే ఒక మాస్టర్‌క్లాస్‌లో, వేసవి శిబిరంలో ఆయనకు వినిపించి, ఆయన చెప్పే తీరు మీకు ఒంటబడుతుందో లేదో చూసుకోవాలి.

కచేరీలు ఎలా వస్తాయి

పోటీలు ఒక మార్గం. వార్సాలో షోపాన్ పోటీ 1927లో మొదలై ఇప్పుడు అయిదేళ్లకొకసారి జరుగుతోంది. మాస్కో చైకోవ్‌స్కీ పోటీ 1958లో మొదలైంది. ఇంగ్లండులో లీడ్స్, బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్, అమెరికాలో వాన్ క్లైబర్న్ పోటీలకు గొప్ప పేరుంది. ఫ్లైషర్ 1952లో బ్రస్సెల్స్‌లో గెలిచిన మొదటి అమెరికన్. అయితే ప్రతి పోటీలోనూ గెలిచేది ఒక్కరే కనుక, బహుమతి రాకపోయినా మీకు మిగిలేదేమిటో లెక్క చూసుకొని వెళ్లాలి. సిద్ధపరచిన కార్యక్రమం, మంచి రికార్డింగు, విన్న ఒకరిద్దరు పెద్దల సలహా మిగిలితే ఆ ప్రయాణం వృథా కాదు.

కచేరీ కార్యక్రమాన్ని రెండు భాగాలుగా, ఒక్కో భాగం ముప్పై అయిదు, నలభై నిమిషాలకు మించకుండా అమర్చుకోవాలి. బీథోవెన్ ఓపస్ 110 (రచన సంఖ్య 110) సొనాటాకు సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది, షోపాన్ ఇరవై నాలుగు ప్రెల్యూడ్లకు దాదాపు నలభై. మొదటి కచేరీలను పెద్ద సభల కోసం ఆగకుండా పాఠశాలల్లో, చర్చిల్లో, పరిచయస్తుల ఇళ్లలో చేయాలి. ఒకే కార్యక్రమాన్ని అయిదారు చోట్ల వాయించాక గానీ దాని అసలు బరువు తెలియదు.

వయొలిన్ కళాకారులు తమ వాద్యాన్ని చంకన పెట్టుకొని వస్తారు. పియానిస్టు మాత్రం ఆ ఊళ్లో ఏది ఉంటే దాని మీదే వాయించాలి. పైగా మంచి గ్రాండ్ పియానో ఉన్న మందిరాలు మన రెండు రాష్ట్రాలలో అరుదు. రిహార్సల్‌కు ఇచ్చిన కొద్ది సమయాన్ని కార్యక్రమమంతా వాయించడానికి ఖర్చు పెట్టకూడదు. మొదట కుర్చీ ఎత్తు సరిచేసుకోవాలి. ఒకే మీటను వేగంగా పదేపదే కొట్టి, ఎంత త్వరగా తిరిగి లేస్తోందో చూడాలి. కుడి పెడల్ ఎంత లోతున పట్టుకుంటోందో, పూర్తిగా వదిలినప్పుడు నాదం శుభ్రంగా ఆగుతోందో లేదో వినాలి. అతి మెల్లగా వాయిస్తే ఏ మీటలు పలకకుండా పోతున్నాయో గుర్తుపెట్టుకోవాలి. మీటల మీద నీడ పడకుండా దీపాలు మార్పించాలి. చివరగా ఒక మనిషిని వెనుక వరుసలో నిలబెట్టి, మీ కార్యక్రమంలో అన్నింటికంటే మెల్లని నాలుగు బార్లూ, అన్నింటికంటే గట్టి నాలుగు బార్లూ వాయించి ఎలా వినబడ్డాయో అడగాలి.

గాయకులకూ వయొలిన్, చెల్లో కళాకారులకూ పక్కవాద్యం వాయించడం సోలో కచేరీలకంటే చిన్న పని అనుకునేవారున్నారు. ఈ దృష్టి మారాలి. బ్రామ్స్, షూమన్ పాటలలో పియానో భాగం గొంతుతో సమానంగా మాట్లాడుతుంది. పైగా కన్జర్వేటరీలు, బ్యాలే తరగతులు, గాత్ర పోటీలు సంవత్సరమంతా పక్కవాద్య పియానిస్టుల కోసం వెతుకుతూనే ఉంటాయి.

చేతుల ఆరోగ్యం

లియాన్ ఫ్లైషర్ 1928లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. పదహారేళ్లకే న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో బ్రామ్స్ మొదటి కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) వాయించారు. జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్, బ్రామ్స్ కాన్చెర్టోలు రికార్డు చేశారు. అటువంటి కళాకారుడికి ముప్పై ఆరేళ్ల వయసులో కుడిచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ తమంతట తామే ముడుచుకుపోవడం మొదలైంది. అది ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సంబంధమైన రుగ్మత. ఆయన ఎడమచేతికి మాత్రమే రాసిన రచనలు వాయించారు, ఆర్కెస్ట్రాలను నిర్వహించారు. అన్నింటికీ మించి, 1959లోనే చేరిన బాల్టిమోర్ పీబాడీ సంస్థలో బోధనను కొనసాగించారు. యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్, ఆండ్రే వాట్స్, జోనథన్ బిస్ వంటివారు ఆయన శిష్యులు. చికిత్స వల్ల 1990ల మధ్యలో రెండు చేతులతో తిరిగి వాయించగలిగారు. 2020లో మరణించేవరకు పాఠం చెబుతూనే ఉన్నారు. అమెరికన్ పియానిస్టు గ్యారీ గ్రాఫ్‌మన్ కూడా కుడిచేతి ఇబ్బంది తరువాత కర్టిస్‌లో బోధిస్తూ నేటి ప్రసిద్ధ పియానిస్టులు లాంగ్ లాంగ్, యూజా వాంగ్‌లను తీర్చిదిద్దారు.

ఈ జీవితాలను చూసి విద్యార్థి వెంటనే చేయవలసిన పనులున్నాయి. నలభై అయిదు నిమిషాలకొకసారి లేచి పది నిమిషాలు విరామం తీసుకోవాలి. అలసట వేరు, నొప్పి వేరు; నొప్పి రాగానే ఆ రోజుకు ఆపేయాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, మాట విననట్లు అనిపించినా, మరింత సాధనతో లొంగదీయాలని చూడకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పోటీకి వారం ముందు సాధన గంటలను ఒక్కసారిగా రెట్టింపు చేయడం గాయాలకు తలుపు తీయడమే.

బోధనను వృత్తిగా నేర్చుకోవడం

బాగా వాయించేవారికి బోధన దానంతటదే వస్తుందన్నది అపోహ. విద్యార్థిగా ఉండగానే మీ గురువు చిన్నపిల్లలకు పాఠం చెప్పేటప్పుడు పక్కన కూర్చొని చూడడానికి అనుమతి అడగాలి. లెషెటిట్‌స్కీ దగ్గర కొత్తవారిని ముందుగా ఆయన సహాయకులు తయారుచేసేవారు. ఆ సహాయకులు బోధన నేర్చుకున్నది అలాగే. ష్నాబెల్ ఒకరికి పాఠం చెబుతుంటే మిగతా శిష్యులు కూర్చొని వినేవారు. ఈ పద్ధతి నేటికీ పనికొస్తుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఒకరిద్దరు ప్రారంభ విద్యార్థులను తీసుకొని, గురువు పర్యవేక్షణలో నేర్పడం మొదలుపెట్టాలి.

పాఠం మొదట్లో శిష్యుణ్ణి ఆపకుండా మొత్తం వాయించనివ్వాలి. విన్న తప్పులన్నీ ఒకేసారి చెప్పకుండా, ఏ ఒక్కటి సరిచేస్తే మిగతా మూడు వాటంతటవే సర్దుకుంటాయో దానిని పట్టుకోవాలి. ఉదాహరణకు స్కేలులో, అంటే స్వరాల ఆరోహణలో, బొటనవేలు కిందనుంచి దాటేచోట కుదుపు వినిపిస్తుంటే, వేగం తగ్గించమనడంవల్ల ప్రయోజనం ఉండదు. బొటనవేలు ఆలస్యంగా బయలుదేరి ఒక్కసారిగా దూకుతోందని చూపి, చూపుడువేలు మీట మీద ఉండగానే అది అరచేతి కిందకు జరగడం మొదలయ్యేలా నాలుగు స్వరాల మీదే సాధన చేయించాలి. శిష్యుడు ఇంటికెళ్లి ఆ పనిని ఒంటరిగా చేయగలడా అని పాఠం ముగిసేలోగా ఒకసారి చేయించి చూడాలి. చేయలేకపోతే పాఠం ఇంకా పూర్తికాలేదన్నమాట.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. ఫీజు నెలకో టర్ముకో ముందుగా తీసుకోవడం, రద్దయిన పాఠానికి నియమం, పండుగ సెలవులు, సంవత్సరాంత కచేరీ ఖర్చు ఇవన్నీ కాగితం మీద రాసి తల్లిదండ్రులకు మొదటిరోజే ఇవ్వాలి. అమెరికాలో స్థిరపడేవారు 1876లో ఏర్పడిన మ్యూజిక్ టీచర్స్ నేషనల్ అసోసియేషన్‌లో చేరి, వారిచ్చే ఉపాధ్యాయ ధ్రువీకరణ పొందవచ్చు. విశ్వవిద్యాలయ ఉద్యోగానికి అక్కడ సాధారణంగా డాక్టరేట్ అడుగుతారు. భారతదేశంలో అంతర్జాతీయ పాఠశాలలు డిప్లొమా ఉన్నవారిని తీసుకుంటాయి గానీ, రోజంతా ముప్పైమంది పిల్లల తరగతులు చెప్పాక సొంత సాధనకు ఓపిక మిగలదు. ఒప్పుకునే ముందే ఉదయం రెండు గంటలైనా మీకోసం మిగిలేలా సమయపట్టిక అడగండి.

ఆ రెండు గంటలలో పాత రచనలనే తిప్పి తిప్పి వాయించకుండా, ప్రతి సంవత్సరం కనీసం ఒక పెద్ద రచనను కొత్తగా నేర్చుకోవాలి. శిష్యుల వార్షిక కచేరీలో చివరి అంశంగా దానిని మీరే కంఠతా వాయించాలి. తేదీ ముందుగా ప్రకటించి ఉంటుంది కనుక సాధన వాయిదా పడదు. మీరు పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్న స్వరపత్రాన్ని ఆ రోజు పిల్లలకు తిరగేయనివ్వండి. వారు మరుసటి వారం పాఠానికి పెన్సిలు తెచ్చుకుంటారు.